బ్రెగ్జిట్ మీద మాట్లాడబోయే పాపకు

అనంతపురం

చిరంజీవి పాపకు పెదనాన్న ఆశీస్సులు.

కర్నూలులో జరిగే కాలేజీల డిబేట్‌లో బ్రెగ్జిట్, అంటే యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం, లాభమా నష్టమా అన్న అంశం ఇచ్చారనీ, ఏ పక్షమో ఆ రోజు పొద్దున చీటీ తీశాకే తెలుస్తుందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మంచిదే, రెండు వైపులా చదవక తప్పదు. ఇన్నేళ్లు ఎకనామిక్స్ పాఠాలు చెప్పి, ఇలాంటి పోటీలకు జడ్జిగా కూడా కూర్చున్నవాణ్ని కాబట్టి, నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చదివాను. మొదటి పేజీ నిండా తేదీలే. 1973లో చేరారు, 1975లో రెఫరెండం పెడితే 67 శాతం మంది ఉందామన్నారు, 2016 జూన్ 23న 51.9 శాతం మంది వద్దన్నారు, 2020 జనవరి 31న బయటికొచ్చారు. తప్పొక్కటీ లేదు. కానీ ఇలా ఏకరువు పెడితే జడ్జి పెన్ను కింద పెట్టేస్తాడు. తేదీని ఒక వాదన దాని మీద నిలబడేటప్పుడే తీయాలి. ఉదాహరణకు ఎదుటివాళ్లు "2018లో బ్రిటన్ వ్యాపారం బాగానే నడిచింది కదా, మరి నష్టమెక్కడ?" అన్నారనుకో. ఓటు పడింది 2016లోనే అయినా, కస్టమ్స్ కాగితాల బాధ నిజంగా మొదలైంది 2021 జనవరి 1న. అప్పటిదాకా పాత రూల్సే నడిచాయి. ఆ ఒక్క తేదీతో వాళ్ల నోరు మూతపడుతుంది.

ఇక అసలు సంగతి. ఈ అంశంలో రెండు ఖాతాలున్నాయి పాపా. ఒకటి డబ్బు ఖాతా, రెండోది అధికారం ఖాతా, అంటే మన చట్టాలు ఎవరు చేయాలన్నది. మన పిల్లలు చేసే పని ఏమిటంటే, ఒక ఖాతాలో అడిగిన ప్రశ్నకు రెండో ఖాతాలోంచి జవాబు తీస్తారు. "మా చట్టాలు మేమే చేసుకుంటాం" అని ఒకడంటే "మీకు ఇంత శాతం నష్టం" అని ఇంకొకడు అంటాడు. ఇద్దరూ గట్టిగానే మాట్లాడతారు, ఇద్దరి మాటలకూ పొంతన ఉండదు.

ముందు డబ్బు ఖాతా చూద్దాం. ఇక్కడ నువ్వు పట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: దేనితో పోల్చి? బ్రిటన్ బడ్జెట్ అంచనాలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్, బయటికి రావడం వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటుందని అంచనా కట్టింది. నీ డ్రాఫ్ట్‌లో దీన్ని "బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ 4 శాతం పడిపోయింది" అని రాశావు. అది కాదు. ఈరోజు 100 ఉన్నది, లోపలే ఉంటే కొన్నేళ్లకు 125 అయ్యేదనుకో. బయట ఉంటే 120 అవుతుంది. 125 మీద 5 తక్కువంటే 4 శాతం. పెరుగుదల రెండు దారుల్లోనూ ఉంది, ఒక దారిలో కాస్త తక్కువ. ఈ తేడా చెప్పగలిగితే "ఎక్కడ పడిపోయింది, పెరుగుతూనే ఉంది కదా" అన్న ఎదురు ప్రశ్నకు నువ్వు తడబడవు.

ఆ అంచనా కట్టడం కూడా తేలిక కాదని ఒప్పుకో. బయటికొచ్చిన రెండు నెలలకే కోవిడ్ లాక్‌డౌన్, 2022లో యుక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు. ఏది దేనివల్ల అన్నది విడదీయడానికే బ్రిటన్‌లాంటి వేరే దేశాలతో పోల్చి చూస్తారు. ఇంకో మాట, ఓటుకు ముందు 2016 మేలో అక్కడి ఆర్థిక శాఖ, "బయటికి" అని ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుందని భయపెట్టింది. పౌండు విలువ పడింది గానీ మాంద్యం రాలేదు. నష్టం పక్షం వస్తే ఆ లెక్క జోలికి పోకు. లాభం పక్షం వస్తే మొదట విసరాల్సింది అదే.

కాకి లెక్కలు అవతలా ఉన్నాయి. ఓటుకు ముందు బయటికి రావాలన్నవాళ్లు, వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నామని ఎర్ర బస్సు మీద రాయించుకుని ఊరూరా తిప్పారు. బ్రిటన్‌కు వచ్చే రాయితీ తీసేయకుండా చెప్పిన అంకె అది. అక్కడి గణాంకాల సంస్థే అది తప్పుదారి పట్టించేలా ఉందని చెప్పింది. రాయితీ పోగా కట్టినదాంట్లోనూ కొంత రైతులకు, వెనకబడిన ప్రాంతాలకు తిరిగి వచ్చేది.

సుంకం లేకపోతే ఇబ్బందేముంది అని నువ్వు మార్జిన్‌లో రాసుకున్నావు. మంచి అనుమానం. 2020 డిసెంబర్ 24న కుదిరిన ఒప్పందంలో బ్రిటన్‌లో తయారైన సరుకుకు సుంకాలు సున్నాయే. ఇబ్బంది కాగితాల్లో ఉంది. ఒక చిన్న చీజ్ తయారీదారుణ్ని తీసుకో. 2020 దాకా ఫ్రాన్స్‌కు పంపడమంటే పక్క జిల్లాకు పంపడమే. ఆ తర్వాత ప్రతి లోడుకూ పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి, ఇది ఎక్కడ తయారైందో రుజువు కావాలి. లారీ నిండా పంపే కంపెనీకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. పది కిలోలు పంపేవాడికి లాభం మొత్తం అందులోనే పోతుంది. అందుకే "బ్రిటన్‌కు నష్టం" అని గుండుగుత్తగా అనకు. ఎవరికి ఎంత అని చెప్పు.

కూటమి లోపల ఉన్నా ఇదే లెక్క, తలకిందులుగా. మన దగ్గర చూడు. ఆసియాన్ దేశాలతో మన ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చింది. ఇండోనేషియా, మలేషియా పామాయిల్ చవగ్గా దిగితే లాభం దేశంలో ప్రతి వంటింటికీ లీటరుకు కొన్ని రూపాయలు. ఎవరికీ కనపడదు. దెబ్బ మాత్రం కల్యాణదుర్గం దగ్గర నూనెకు బుడ్డలు, అదే వేరుశనగ, వేసిన రైతుకు తగులుతుంది, వాడికి స్పష్టంగా కనపడుతుంది. సగటు అంకె ఈ రైతును దాచేస్తుంది. సగటు చెప్పిన ప్రతిసారీ దాని కింద ఎవరున్నారో ఒక్క వాక్యం చెప్పు, నీకు మార్కులు అక్కడే పడతాయి.

అధికారం ఖాతాకు సండర్లాండ్ మంచి ఉదాహరణ. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు, కార్లలో పెద్ద భాగం యూరప్‌కు పోతుంది. మన పెనుకొండ దగ్గర కియా ఉన్నట్టు అనుకో. అయినా అక్కడ 61 శాతం మంది బయటికే ఓటేశారు. వాళ్లు తెలివితక్కువవాళ్లని నువ్వు అంటే హాల్లో సగం మంది నీకు దూరమవుతారు. వాళ్లకు తమ మాట లండన్‌లోనే వినపడట్లేదు, యూనియన్ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌లో ఏం వినపడుతుందన్న కోపం. ఆ కోపానికి జవాబు అధికారం ఖాతాలోనే వెతకాలి. బయటికొచ్చాక నిజంగా అధికారం చేతికొచ్చిందా అని అడుగు. వలసలే తీసుకో. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. మన జిల్లాల పిల్లలూ ఎందరో వెళ్లారు. ఆ వీసాలు మొదటినుంచీ బ్రిటన్ చేతిలోనే ఉన్నాయి, ఇవ్వడానికీ మానడానికీ బ్రస్సెల్స్ అడ్డు లేదు.

రెండు ఖాతాలూ ముడిపడిపోయిన చోటు ఒక్కటుంది: ఐర్లాండ్. ఇక్కడ మాత్రం టైమ్ తీసుకో, తొందరపడకు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌ది, దక్షిణాన ఉన్నది యూరోపియన్ యూనియన్ దేశం, మధ్యలో సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు. రూల్స్ వేరైతే సరుకు ఎక్కడో ఒకచోట తనిఖీ చేయాలి. సరిహద్దు మీద చెక్‌పోస్టు పెడితే బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లాండ్‌తో కలవాలా అని అక్కడ నడిచి, 1998 ఒప్పందంతో చల్లారిన పాత గొడవ మళ్లీ లేస్తుందని భయం. అందుకని తనిఖీని సముద్రం మీదికి జరిపారు, అంటే ఒకే దేశంలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి పోయే సరుకుకు కాగితాలు. దాంతో బ్రిటన్‌తోనే ఉండాలనుకునేవాళ్లకు మండింది. వాళ్లలో పెద్ద పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు ప్రభుత్వమే నడవనివ్వలేదు. 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అని సర్దుబాటు చేశారు. లాభం పక్షం వస్తే నీకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. దీనికి జవాబు ముందే రాసి పెట్టుకో.

లాభం పక్షానికి సరుకు లేదనుకోకు. లోపల ఉండగా బ్రిటన్ విడిగా ఏ దేశంతోనూ వాణిజ్య ఒప్పందం చేసుకోలేదు. 2025 జూలై 24న మనతో సంతకం పెట్టింది. ఇది మన హాల్లో పనిచేసే పాయింట్. కాకపోతే దానివల్ల తమ జీడీపీకి కలిగే లాభం దీర్ఘకాలంలో 0.13 శాతమని బ్రిటన్ ప్రభుత్వమే అంచనా వేసింది. ఆ అంకె పక్కన ఓబీఆర్ చెప్పిన 4 శాతం పెట్టి అవతలివాళ్లు అడుగుతారు. అడిగితే వెంటనే అధికారం ఖాతాకు దూకకు, తప్పించుకుంటున్నావని తెలిసిపోతుంది. చిన్న లాభమేనని ఒప్పుకుని, ఆ తర్వాత చెప్పు.

ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్‌లో మనం చేరలేదు కదా, అదీ బ్రెగ్జిటే అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 2019 నవంబర్‌లో మనం వద్దనుకున్నది చేరకముందే. 47 ఏళ్లు లోపల ఉండి, ఫ్యాక్టరీలూ లారీలూ చట్టాలూ కలిసిపోయాక విడిపోవడం వేరు. ఇంకొందరు రాష్ట్ర విభజనను తెస్తారు. కర్నూలు మూడేళ్లు రాజధానిగా ఉండి పోగొట్టుకున్న ఊరు కాబట్టి చప్పట్లు ఖాయం. నువ్వు మాత్రం తేకు. 2014 తర్వాత కూడా కర్నూలు నుంచి హైదరాబాద్ పోయే లారీకి కస్టమ్స్ లేదు. ఉమ్మడి కుటుంబం, వేరు కాపురం పోలిక అసలే వద్దు, నీకంటే ముందు మాట్లాడే ముగ్గురు దాన్ని అరగదీసి ఉంటారు.

ప్రధానులు మారడాన్ని కూడా జాగ్రత్తగా వాడు. 2016 జూన్ నుంచి 2024 జూలై దాకా ఆ కుర్చీలో ఆరుగురు కూర్చున్నారు. కామెరాన్, థెరిసా మే పోయింది దీనివల్లే అనొచ్చు. మే తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తోసేసింది. లిజ్ ట్రస్ పడిపోయింది మాత్రం ఆవిడ బడ్జెట్ వల్ల. అన్నీ ఒకే గాటన కడితే తెలిసిన జడ్జి పట్టుకుంటాడు.

కొటేషన్లు తీసేయి. మైక్ ముందు గొంతు పెంచకు. పేపర్ చూసి చదవకు, అంకెలు మాత్రం చిన్న చీటీ మీద రాసుకో, అందులో ఐదారుకు మించొద్దు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నువ్వు ఏ పక్షం తీసుకుంటే నేను రెండోది తీసుకుంటాను. ఐర్లాండ్ దగ్గరే మొదలుపెడతాను, సిద్ధంగా ఉండు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

పెదనాన్న