కసురుకునేటోళ్ల మీద ప్రేమెట్ల?

ప్రశ్న: నేను హన్మకొండ–కరీంనగర్ రూట్ల లేడీ కండక్టర్ని. జీరో టికెట్‌కు (ఆడోళ్లకు ఫ్రీగ ఇచ్చేది) ఆధార్ అడిగితే చాలు కొందరు కస్సుమంటరు, ఆ చిరాకంత ఇంటికొచ్చి పిల్లల మీద తీస్తున్న. ఫ్రెండ్ మైత్రీ ధ్యానం, అంటే అందరు మంచిగుండాలె అని మనసుల అనుకునుడు, చెయ్యమన్నది గని కళ్లు మూస్తే కసురుకున్న ఆమె మొఖమే కనవడుతది. ఏం చెయ్యాలె?

జవాబు: అమ్మా, మీరు ఆమెతోనే మొదలువెట్టిన్రు, తిప్పలు అక్కడనే. 5వ శతాబ్దంల బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు చెప్పిన వరుస వేరే ఉన్నది, ముందుగాల 'నేను సల్లగుండాలె' అని మనకు మనమే అనుకోవాలె, తర్వాత మంచి చెప్పిన పంతులు లాంటోళ్లు (చనిపోయినోళ్లను వద్దన్నడు), తర్వాత పాణమోలె ఉండే దోస్తు, ఆ తర్వాత మనకు మంచీ చెడూ చెయ్యని మనిషి, అంటే మీకైతే రోజూ హుజూరాబాద్ల ఎక్కి కిటికి కాడ కూసునేటామె, గొడవవడ్డోళ్లు ఆఖరుకు. ప్రేమ పొంగుకరావాలె అని జబర్దస్తీ ఏం లేదు, ఆ కసురుకున్నామె గూడ మంచిగ ఇల్లు చేరాలె అనుకుంటే చాలు, మళ్ల కోపమొస్తే ఆపి పంతులు కాడికి వాపసు పోవాలె. ఎల్కతుర్తి దాటి జనం తగ్గినంక సీట్ల కూసునే ఐదు నిమిషాలైనా సరే. అట్లని ఆధార్ చూపియ్యనోళ్లను ఒదిలెయ్యమంటలేను, పైసలు అడగాల్సిందే.