ఇంగ్లీషు 'పుట్'కు జర్మన్‌లో ఏ మాట వాడాలి?

హనుమకొండలో జర్మన్ నేర్చుకుంటున్నానని, 'పుట్'కు సరిపోయే మాట ఏదని అడిగారు. ఒక్క మాటతో పని జరగదండీ. వస్తువు ఏ తీరుగా ఉంటుందో దాన్నిబట్టి క్రియ మారుతుంది. నిలబెడితే ష్టెల్లెన్, పడుకోబెడితే లేగెన్. పొయ్యి మీద సర్వ పెట్టడం ష్టెల్లెన్, మడతపెట్టిన చీర బీరువాలో పెట్టడం లేగెన్. తాళంచెవి జేబులో వేసుకుంటే ష్టెకెన్, అంగీ కొక్కేనికి తగిలిస్తే హెంగెన్. చాయ్‌లో చక్కెర వేయడానికి టూన్ చాలు. బట్టలు తొడుక్కోవడం వేరే సంగతి, దానికి ఆన్‌ట్సీయెన్.

చాలామంది తడబడేది పళ్లెం దగ్గరే. చదునుగా ఉంది కదా అని లేగెన్ అనకండి. పళ్లేనికి అడుగుభాగం ఉంది కాబట్టి జర్మన్ల లెక్కలో అది టేబుల్ మీద నిలబడ్డట్టే, ష్టెల్లెన్ అనాలి. పక్కన పెట్టే చెంచాకు మాత్రం లేగెన్.