జావా వినైల్ కేప్ అసలుదేనా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను. పాత సామాన్ల సంతలో 1978 నాటి స్టార్ వార్స్ సినిమా బొమ్మ దొరికింది, జావా అనే పాత్రది. గుడ్డ అంగీ కాదు, వినైల్ కేప్ (మెత్తటి ప్లాస్టిక్ పైవస్త్రం) ఉంది. తుపాకీ కూడా ఉంది. ఇవి అసలువేనా?

జవాబు: ముందు కేప్ చూడండి, ధరంతా అక్కడే ఉంది. ఈ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ మొదట జావాకి వినైల్ కేపే ఇచ్చి, కొద్దికాలానికే గుడ్డ అంగీకి మార్చింది. వినైల్ కేప్‌కంత గిరాకీ అందుకే, మోసాలూ అందుకే. అదే సినిమాలోని ఓబీ-వాన్ కెనోబీ అనే పాత్ర బొమ్మ కేప్‌ని కత్తిరించి జావాకి తొడిగేస్తారు. నేనూ అలాంటిదే ఒకటి కొన్నాను. వారం తర్వాత తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూస్తే, కింది అంచులో కత్తెర ఆగి మళ్ళీ కదిలిన చోట చిన్న మెట్టు కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరూ అంచంతా గోటితో మెల్లగా తడమండి. ఎక్కడైనా తగిలితే అనుమానించాల్సిందే.

తుపాకీ నీళ్ళలో తేలితే అసలుదంటారు. ఆ ఒక్క పరీక్షనే నమ్మకండి, కొన్ని నకిలీలూ తేలతాయి. అసలుదని ఖాయంగా తెలిసిన తుపాకీ పక్కన పెట్టి, తయారీ అచ్చు వదిలిన గీతలు పోల్చండి.

కేప్ నకిలీదని తేలినా బొమ్మ అసలుదే కావచ్చు. దానికి పాత గుడ్డ అంగీ ఒకటి వెతకండి. నా అల్మారాలోని జావా ఇప్పుడు దాన్నే వేసుకుని ఉంది.