ఇసుకలో ఒక్క రాత్రి చాలు, బుజ్జీ

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవులకి జైసల్మేర్ వెళ్దామనుకుంటున్నామని, ఎడారి రిసార్టు ఏది బాగుంటుందో చెప్పమని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. దాంతోపాటు పంపిన లింకులూ తెరిచి చూశాను. అన్నింట్లోనూ ఒకటే ఫోటో. తెల్లటి టెంటు, ముందు రెండు కుర్చీలు, వెనకాల బంగారు రంగు ఇసుక దిబ్బ. ముందు ఆ దిబ్బ సంగతి చెప్తాను.

మీ పెదనాన్నకి అక్కడి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో పోస్టింగ్ ఉన్నన్నాళ్లూ మన చుట్టాల్లో రానివాళ్లు లేరు. వచ్చినవాళ్లందరినీ ఎడారికి తీసుకెళ్లడం నా డ్యూటీ. ఎవరు నవ్వుతూ తిరిగొచ్చారో, ఎవరు దారంతా సణుక్కుంటూ వచ్చారో పక్కనుండి చూశాను. సణిగినవాళ్లలో చాలామందికి గది బాగానే ఉంది, భోజనం బాగానే ఉంది. వాళ్లు ఏదో ఊహించుకుని వచ్చారు, అక్కడ ఇంకేదో కనిపించింది, అంతే.

ఎడారి అనగానే కనుచూపు మేర ఇసుకే ఉంటుందనుకుంటాం. జైసల్మేర్ చుట్టుపక్కల థార్‌లో ఎక్కువగా కనిపించేది గట్టి రాతినేల, ముళ్లపొదలు, జిల్లేడు చెట్లు. టూరిస్టులు వెళ్లే ఇసుక దిబ్బలు ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఊరికి పడమరగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సమ్, రెండోది నైరుతి వైపు యాభై కిలోమీటర్ల దగ్గర్లో ఉన్న ఖూరీ. సమ్‌లో క్యాంపులు రోడ్డు వెంబడి ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. చాలావాటిలో టెంటు తలుపు తీస్తే కనిపించేది ఎదురు టెంటు. ఇసుక మీదకి వెళ్లాలంటే నడవాలి, లేకపోతే జీపెక్కాలి. అందుకే ఫోన్ చేసినప్పుడు రేటు కన్నా ముందు ఈ ప్రశ్న వెయ్యి: "మీ టెంట్ల దగ్గర్నుంచి దిబ్బ మీదకి నడిచి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?" ఐదు నిమిషాలు అన్నారంటే వివరాలు అడుగు. "జీపు ఉంది మేడమ్" అన్నారంటే దూరమని అర్థం.

రెండో ప్రశ్న, పాటల ప్రోగ్రాం ఎన్నింటికి ఆపుతారని. అక్కడ రాత్రిపూట ఒక్కో క్యాంపులో ఒక్కో డీజే. నీ క్యాంపువాళ్లు తొమ్మిదికే ఆపేసినా పక్కవాళ్లు పదకొండు దాకా కొడుతూ ఉంటారు. గుడ్డ గోడలు శబ్దాన్ని ఏం ఆపుతాయి? మీ మామగారికి నిద్ర పట్టకపోతే మర్నాడు అందరికీ టెన్షనే. ఈ ఒక్క కారణానికే నేనైతే ఖూరీ వైపో, సమ్ రోడ్డులోనే కాస్త దూరంగా విడిగా ఉన్న చోటో చూస్తాను. ఖూరీలో హంగు తక్కువ, ప్రశాంతత ఎక్కువ.

మిగిలింది టెంటా, గదా అన్నది. స్విస్ టెంట్ అంటే మంచం, పరుపు, లోపలే బాత్రూం అన్నీ ఉంటాయి, గోడలు మాత్రం గుడ్డ. జనవరి రాత్రుల్లో అక్కడ ఆరేడు డిగ్రీలకి పడిపోతుంది. మధ్యాహ్నం ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటుంది కాబట్టి స్వెటర్ ఎందుకని మనవాళ్లు సూట్‌కేసులోనే ఉంచేస్తారు. గాలిలో తేమ లేదు, పైన మబ్బు లేదు. పగలంతా ఇసుక పట్టిన వేడి పొద్దుగూకగానే ఆకాశంలోకి పోతుంది. ఆరింటికి హాయిగా ఉన్న చోటే ఎనిమిదింటికి పళ్లు టకటకలాడతాయి. పిల్లలకి మంకీ క్యాపులు, మేజోళ్లు ఒంటె ఎక్కకముందే బ్యాగులో పైన పెట్టుకో. మీ అత్తగారికి, మామగారికి ఇటుక గోడల కాటేజీ తీసుకో. మీరూ పిల్లలూ టెంట్లో ఉండండి, పిల్లలకి అదే సరదా. చాలాచోట్ల రెండూ ఉంటాయి.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తున్నాను. చలికి తట్టుకోలేక కొందరు బొగ్గుల కుంపటి టెంటు లోపల పెట్టించుకుంటారు. ఎవరెంత ప్రేమగా తెచ్చినా వద్దను. మూసిన టెంట్లో ఆ గాలి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో రజాయి అడుగు, వేడినీళ్ల సంచి మనింటి నుంచే తీసుకెళ్లు. వేడినీళ్లు ఏ టైముకి వస్తాయో రాత్రే కనుక్కో. చిన్న గీజరైతే ఒకరి స్నానానికే అయిపోతుంది, కాబట్టి పెద్దవాళ్లని ముందు కానివ్వు. కొబ్బరినూనె సీసాలో గడ్డ కట్టేస్తుంది, పెదాలకీ ముక్కు లోపలికీ వాజెలిన్ పెట్టుకో. అక్కడ చెమట పట్టినట్టే తెలీదు, పుట్టగానే ఆరిపోతుంది. దాహం వెయ్యడం లేదని పిల్లలు నీళ్లు తాగరు, గంటకోసారి నువ్వే తాగించాలి.

ఇక రివ్యూలు. నీకు వాటి మీద నమ్మకం ఎక్కువ, నాకు తక్కువ. అయినా చదువు, చదివే పద్ధతి ఒకటుంది. నువ్వు వెళ్లే నెలలో ఉన్నవాళ్లు రాసినవే చూడు. అక్టోబరులో వెళ్లినవాడికి చలి గురించి ఏం తెలుస్తుంది? పనివాళ్ల పేర్లు వరసగా రాసి ఐదు చుక్కలు ఇచ్చినవి చాలావరకు ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గర నిలబెట్టి రాయించినవి. "పక్క మీద ఇసుక ఉంది" అని ఎవరైనా తిట్టి ఉంటే నవ్వుకుని వదిలెయ్. వేడినీళ్లు రాలేదని, రాత్రంతా గోలని, ఒప్పుకున్నది ఒకటి, ఇచ్చింది ఒకటి అని ఇద్దరు ముగ్గురు రాశారంటే మాత్రం ఆ చోటు వద్దు. హోటలువాళ్లు పెట్టిన ఫోటోలు పక్కనబెట్టి, బస చేసినవాళ్లు పెట్టిన బాత్రూం ఫోటో వెతుకు.

డబ్బు కట్టే ముందు ప్యాకేజీలో ఏముందో వాట్సాప్‌లో రాయించుకో. మామూలుగా సాయంత్రం టీ, ఒంటె సవారీ, రాత్రి పాటలు, భోజనం, పొద్దున్న టిఫిన్ ఉంటాయి. ఒంటె మనిషికొకటా ఇద్దరికొకటా, జీపు అందులోనే కలిసిందా వేరేనా, ఇవన్నీ అక్కడికెళ్లాక గొడవలయ్యేవి. దార్లో ఇంకో బెడద ఉంది. బయటి నంబరు ప్లేటున్న కారు కనబడితే మోటార్ సైకిళ్ల మీద వెంటపడి "మీ క్యాంపు మూసేశారు, ఇంకోటి చూపిస్తా" అంటారు. అక్కడ వాళ్లని లపకాలు అంటారు. అద్దం దించొద్దని అల్లుడుగారికి చెప్పు. ఆయన మర్యాదస్తుడు, ఆగి సమాధానం చెప్తారు.

ఒంటె ఎక్కడం అందరూ తేలికనుకుంటారు. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది. పైనున్నవాళ్లు ఒక్కసారిగా దాని మెడ మీదకి తూలతారు. జీను ముందరి కొయ్య రెండు చేతులా పట్టుకుని, అది కదలకముందే వెనక్కి వాలి కూర్చోవాలి. దిగేటప్పుడు అది ముందు మోకాళ్లు మడుస్తుంది, అప్పుడూ వెనక్కే వాలాలి. చీరతో ఎక్కొద్దు, చుడీదార్ వేసుకో. మీ అత్తగారి మోకాళ్లకి ఒంటె సవారీ పనికిరాదు. ఒంటె బండి ఉంటుంది, పరుపేసి కూర్చోబెట్టి తీసుకెళ్తారు. ఆవిడ ఒక్కరే మిగిలిపోయానని బాధపడకుండా చిన్నదాన్ని ఆవిడతో ఎక్కించు. దిబ్బల మీద జీపుని ఎగరేసే సఫారీ మాత్రం వద్దు. నడుము నొప్పి అటుంచితే, ఆ చుట్టుపక్కలదంతా డెజర్ట్ నేషనల్ పార్కు ప్రాంతం. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగి, ఇప్పుడు దాదాపు కనుమరుగైన బట్టమేక పిట్టకి మిగిలిన ముఖ్యమైన చోటు అదే. దేశం మొత్తం మీద ఆ పిట్టలు నూట యాభై కూడా లేవంటారు. వాటి నేల మీద మనం జీపులతో చిందులెయ్యడం నాకు నచ్చదు.

సాయంత్రం సూర్యాస్తమయం అంటే సమ్‌లో జాతరే. ఒంటెలు, జీపులు, టీ అమ్మేవాళ్లు, చిప్స్ కవర్లు. చూడు, కానీ దానికోసమే వచ్చామనుకోకు. అసలు ఎడారి తెల్లవారుజామున ఉంటుంది. రాత్రి గోల చేసినవాళ్లంతా పడుకుని ఉంటారు. జనవరిలో అక్కడ సూర్యుడు ఏడున్నరకి గానీ రాడు, కాబట్టి పిల్లల్ని ఆరున్నరకి లేపితే చాలు. టీ ఫ్లాస్కులో పోయించుకుని నడిచి వెళ్లండి. రాత్రి గాలికి ముందురోజు అడుగులన్నీ చెరిగిపోయి ఇసుక మీద సన్నటి అలలు పడి ఉంటాయి. వాటి మీదుగా కుట్టుమిషన్ కుట్టినట్టు రెండు వరసల చుక్కలు వెళ్తాయి. అవి నల్ల పురుగుల అడుగులు. పిల్లల్ని ఒకదాని వెంట పోనివ్వు, చివర ఎక్కడో ఇసుకలో చిన్న కన్నం దగ్గర ఆగుతుంది. అరగంట ఫోన్ అడగరు. చెప్పులు విప్పినా ఫర్వాలేదు, ఇసుక చల్లగా ఉంటుంది. గడ్డి ఉన్న చోట మాత్రం జాగ్రత్త. భురుట్ అనే గడ్డి కాయలు మన పల్లేరు కాయల్లాగే ముళ్లతో మేజోళ్లకి పట్టుకుంటాయి, చేత్తో లాగితే వేళ్లలో దిగుతాయి. దువ్వెనతో తియ్యాలి.

భోజనం దగ్గర మనవాళ్లు ఆవకాయ సీసా తీస్తారు. నువ్వూ తీసుకెళ్తావని తెలుసు, తీసుకెళ్లు. కానీ కేర్ సాంగ్రీ కూర ఒక్కసారి తినండి. సాంగ్రీ అంటే మనం దసరాకి దండం పెట్టే జమ్మి చెట్టు కాయలే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ కూడా అదే రాష్ట్ర వృక్షం. లేత కాయలు ఎండబెట్టి, నానబెట్టి, కేర్ కాయలతో కలిపి నూనెలో కారంగా, పుల్లగా వేపుతారు. సజ్జ రొట్టె మీద నెయ్యి వేయించుకుని, పక్కన బెల్లంముక్క అడుగు. బఫేలో రొట్టె చల్లారిపోతుంది, వంటాయన్ని అడిగితే వేడిగా కాల్చిస్తాడు. పిల్లలకి పెరుగన్నం కావాలంటే సాయంత్రమే చెప్పుకో.

రాత్రి పాడేవాళ్లు ఎక్కువగా మాంగణియార్లు. ముస్లింలే, కానీ తరతరాలుగా అక్కడి రాజపుత్రుల ఇళ్లలో పెళ్లికీ పురిటికీ పాడేది వాళ్లే. హమీరా ఊరి సాకర్ ఖాన్‌గారికి కమాయిచా అనే తీగల వాయిద్యం వాయించినందుకు 2012లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి టూరిస్టులు సినిమా పాటలు అడుగుతారు, వాళ్లూ పొట్టకూటికి పాడతారు. నువ్వు ముందు వరసలో కూర్చుని కమాయిచాతో ఒక పాత పాట పాడమని అడుగు. ముసలాయన మొహం ఎలా మారుతుందో చూడు. ఇచ్చేది ఆయన చేతికే ఇవ్వు, కౌంటర్లో ఇవ్వకు. నెట్‌వర్క్ సరిగా ఉండదు, చిల్లర నోట్లు దగ్గరుంచుకో.

ఇప్పుడు రోజుల లెక్క. నువ్వు ఇసుకలో రెండు రాత్రులు అనుకున్నావు. ఒకటి చాలు. పగలు పదకొండు నుంచి మూడింటి దాకా టెంట్లో చెయ్యడానికేమీ ఉండదు, పిల్లలు విసిగిస్తారు. మిగతా రెండు రాత్రులు ఊళ్లో ఉండండి. కోట లోపలి హోటళ్లు అందంగా ఉంటాయి, నేను మాత్రం వద్దంటాను. 1156లో మొదలైన కోట అది, 2013 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, ఇంకా జనం కాపురముంటున్నారు. అన్ని బాత్రూముల నీళ్లని తట్టుకునేలా దాన్ని కట్టలేదు, ఆ తేమ పునాదుల్లోకి దిగుతోంది. బయట, కోట కనిపించే మేడ గది తీసుకో. పొద్దున్న పసుపు రాయి మీద ఎండ పడటం మంచం మీంచే కనిపిస్తుంది. ఊరి నుంచి సమ్ వెళ్లేటప్పుడు దార్లో కుల్ధారా చూసుకోండి, పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి వెళ్లిన ఊరు. దెయ్యాల కథలు చెప్పి గైడు పిల్లల్ని భయపెడతాడు, ముందే చెప్పి ఉంచు. తనోట్ మాత గుడి దాకా వెళ్లాలంటే ఇంకో రోజంతా పడుతుంది, సరిహద్దు దగ్గర. అమెరికా పాస్‌పోర్టున్న మీ ఆడపడుచు పిల్లలు వస్తే అటువైపు వాళ్లకి అనుమతి కావాలి, కాబట్టి ముందే కనుక్కోండి.

డిసెంబరు ఆఖరి వారం జోలికి పోకపోవడం మంచిదైంది, రేట్లు ఆకాశంలో ఉంటాయి. బుక్ చేసే ముందు క్యాలెండర్లో తిథి చూడు. అమావాస్య దగ్గరైతే నక్షత్రాలు, పౌర్ణమి దగ్గరైతే వెన్నెల్లో దిబ్బలు. రెండూ ఒకే రాత్రి దొరకవు. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీకి ఇప్పుడు రైలుంది, అక్కడి నుంచి రోడ్డున ఐదు గంటలు. పెద్దవాళ్లతో అయితే జోధ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగండి. మామగారి బీపీ మాత్రలు హ్యాండ్ బ్యాగులో ఉండాలి, క్యాంపు దగ్గర మందుల షాపు ఉండదు, ఆసుపత్రికి మళ్లీ నలభై కిలోమీటర్లు వెనక్కి రావాలి.

నువ్వు పంపిన లింకుల్లో మూడోది నాకు కాస్త నయంగా అనిపించింది. అడ్వాన్స్ కట్టకముందు వాళ్ల నంబరు నాకు పంపు. నేను హిందీలో మాట్లాడి ఆ దిబ్బ ఎంత దూరమో, డీజే ఎన్నింటికి ఆపుతారో తేల్చి నీకు చెప్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ