పాత ఒమేగా కొంటానంటున్న మేనల్లుడికి

చిరంజీవి హరికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్‌లో నీ గురించే చెప్పి చెప్పి వాపోయింది. బెంగళూరులో ఇల్లు కొనుక్కోరా అంటే స్టాప్‌వాచీ కూడా ఉండే పాత క్రోనోగ్రాఫ్ వాచీలు పోగేస్తానంటున్నాడని, మొదటిది ఒమేగా స్పీడ్‌మాస్టర్ అని. ఆమె వింటుండగా నేనూ నిన్ను తిట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం సంతోషం పట్టలేకపోయాను. గాంధీ రోడ్డులో నా వాచీల కొట్టులో స్టూలెక్కి కూర్చుని, స్టాప్‌వాచీ బటన్ నొక్కి నొక్కి చీవాట్లు తిన్నవాడివే కదా!

సరే, పని మాట. అమ్మేవాడి ముందే కీ ఇచ్చి, బటన్ నొక్కి నడిపించు, ఆపు, సున్నాకు తే. స్టాప్‌వాచీ పొడుగు ముల్లు సరిగ్గా 12 మీద నిలవాలి. అప్పు చేసి కొనకు, ఈఎంఐ అసలే వద్దు. హుండీలో పడిన వాచీలను టీటీడీ వేలం వేస్తుంది కదా, అందులో దొరకదా అన్నావట. భక్తులు వేసే టైటాన్లు, కాసియోలు లాట్లుగా అమ్ముతారు నాయనా. అక్కడ స్పీడ్‌మాస్టర్ కోసం కాచుకుంటే నీ కూతురి పెళ్ళి కూడా అయిపోతుంది.

అసలు సంగతి డయలు. మీ పెదనాన్న కువైట్ నుంచి ఒక స్పీడ్‌మాస్టర్ తెచ్చుకున్నాడు, నీకు తెలియదు. నల్ల డయలు ఎండకు కాస్త గోధుమరంగు తిరిగింది, గంటల గుర్తులు మీగడ రంగుకొచ్చాయి. ఎంత అందంగా ఉండేదో! ఆయనకు మాత్రం అది నామోషీ. కూతురి పెళ్ళికి కొత్తగా కనబడాలని, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా మద్రాసులో ఎవరికో ఇచ్చి డయలుకు రంగు వేయించాడు, కేసును అరగదీసి మెరుగు పెట్టే బఫింగ్ పట్టించాడు. మురిసిపోతూ కొట్టుకు తెచ్చి చూపించాడు. కంటికి భూతద్దం పెట్టుకుని చూశాను. అడుగున ‘స్విస్ మేడ్’కు అటూ ఇటూ ఉండాల్సిన రెండు చిన్న ‘టి’ అక్షరాలు మాయం. చీకట్లో వెలగడానికి ట్రిటియం పూశారని చెప్పే గుర్తులవి. గుంటగా ఉండాల్సిన చిన్న డయళ్ళ అంచులు రంగుతో పూడుకుపోయాయి. పట్టీ బిగించే కొమ్ములు అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా అయ్యాయి. పాత ముళ్ళు ఏవి బావా అంటే, వాళ్ళ దగ్గరే ఉండిపోయాయేమో అన్నాడు.

పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత డబ్బవసరమై అమ్మబోతే, డీలరు డయలు చూసి లోపలి మిషన్‌కు మాత్రమే ధర కట్టాడు. 861 రకం మిషన్ అది, నిక్షేపంలా ఉంది, ఏం లాభం? మళ్ళీ ఆయన చేతికి వాచీ నేను చూడలేదు. ఆ రోజు వాచీ లాక్కుని బీరువాలో పెట్టేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ పెద్దవాడాయె.

కాబట్టి తళతళలాడే డయలు కనిపిస్తే ముందు అనుమానించు. 2021లో జెనీవా వేలంలో 1957 నాటి స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. కొన్నది ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. వేరే వేరే వాచీల భాగాలు కలిపి కట్టిందని 2023లో బయటపడింది. చేసినవాళ్ళే బోల్తా పడితే నువ్వెంత, నేనెంత! అంతకన్నా పాత రకం 321 మిషన్ అని చెప్పి ధర పెంచితే మూత తీయించి చూడు. 1968 నుంచి 861 రావడం మొదలైంది.

మూత తీయించమన్నానని నువ్వే తీసేవు, జాగ్రత్త. తొలి రకాల డయళ్ళ మీద వెలగడానికి పూసింది రేడియం, రేడియేషన్ వదిలే విషం. చీకట్లో వెలగట్లేదని దాని పని అయిపోయిందనుకోకు. వెలిగే పొడి చచ్చిందంతే, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు. ఇంట్లో పాకే బిడ్డ ఉంది. డైనింగ్ టేబుల్ మీద వాచీ విప్పావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి చెంప పగలగొడతాను.

అడ్వాన్సు ఇవ్వకముందే డయలు ఫొటోలు పంపు. ఎండలో తియ్యి, ఫోన్‌లో సోకులు చెయ్యకు. కొమ్ములు పక్కనుంచి కూడా కనబడాలి. అమ్మేవాడు తొందరపెడితే, మా మామ ముసలాడు, చూపు ఆనదు, రెండు రోజులు పడుతుందని చెప్పు.

మీ మామయ్య