గేర్లు పట్టేస్తుంటే మోటారు మార్చకు, రంధ్రాలు చూడు

తమ్ముడూ, మాడ్యూల్ 1 (గేరు పంటి సైజు కొలత)లో 20, 60 పళ్ల గేర్లు చేత్తో తిప్పినా పట్టేస్తున్నాయని, మోటారు వేడెక్కుతోందని రాశావు. షాఫ్టుల మధ్య దూరం 20, 60 కలిపి అందులో సగం, అంటే 40 మి.మీ. నీ లెక్క సరైనదే. కానీ షాఫ్టులను రెండు వైపులా పట్టి ఉంచే రెండు ప్లేట్లకూ విడివిడిగా రంధ్రాలు వేశానన్నావు. అక్కడే రంధ్రాలు ఎదురెదురుగా కుదరక షాఫ్టులు ఓ పక్కకు వాలిపోయి ఉంటాయి. కొత్త ప్లేట్లు రెండూ కలిపి క్లాంపుతో బిగించి ఒకేసారి డ్రిల్ చెయ్యి. దూరం 40.1 పెట్టు, పళ్ల మధ్య కాస్త సందు ఉండాలి.

మా రాయగడ టీమూ ఇదే టెన్షన్ పడింది. ఓ లేత్ మేస్త్రి చూపించిన పద్ధతి: పళ్ల మధ్య నోటుబుక్ కాగితం పెట్టి తిప్పు. మడతలు పడాలి, చిరగకూడదు. చిరిగితే గేర్లు ఇంకా దగ్గరగా ఉన్నట్టే. కాగితం ఫోటో తీసి తప్పకుండా పెట్టు, చూస్తాను.