ఫ్రాస్ట్ పోయాక కాదు, పోకముందే

చలిదేశానికి కొత్తగా వచ్చి పెరట్లో మొదటిసారి మడి తవ్వుకున్నవాళ్లు తప్పకుండా అడిగే సందేహం ఇది: "లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ దాటాకే కదండీ సాంబారు ఉల్లి పెట్టాలి?"

కాదండీ. లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ అంటే చలి తగ్గేవేళ ఆకుల మీద తెల్లటి మంచు పేరుకునే చివరి రాత్రి. టమాటా, మిరప, బెండలకు ఆ లెక్క సరే. ఇక్కడ షాలట్లు అనే ఈ ఉల్లికి మాత్రం అంత ఆగితే నష్టం. మొదటి ఏడాది నేనూ టమాటా నారుతో పాటే నాటాను. తవ్వి చూస్తే గోలీలంత గడ్డలు! పగలు బాగా పొడుగైతే ఈ మొక్క కొత్త ఆకులు వేయడం ఆపి గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. మనం ఆలస్యంగా నాటాం కదా అని ఆగదు. అప్పటికి ఎంత ఆకు ఉందో గడ్డ అంతే.

కాబట్టి మీరున్న చోట లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ కనుక్కుని, అక్కడి నుంచి 2 నుంచి 4 వారాలు వెనక్కి లెక్కపెట్టండి. కొద్దిపాటి ఫ్రాస్ట్‌కు లేత ఆకులు తట్టుకుంటాయి. అలాగని మరీ తొందరపడితే, వారాల తరబడి చలి తిన్న గడ్డ పూకాడ వేసేస్తుంది. పిడికెడు మట్టి పిసికి చూడండి. జిగటగా ముద్దకడితే ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే, ఆ తడిలో గడ్డలు కుళ్లిపోతాయి.

మనకు పొగమంచైనా, కురిసే మంచైనా అన్నీ మంచే కాబట్టి ఇక్కడ తికమక పడతాం. ఫ్రాస్ట్ అంటే ఆకాశం నుంచి కురిసేది కాదు. రాత్రి 0 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే గాలిలోని తేమ ఆకుల మీదే తెల్లగా పేరుకుంటుంది. ఆ తేదీ కూడా సగటు లెక్కే, ముహూర్తం కాదు. చల్లగాలి దిగి నిలిచే పల్లపు పెరట్లో ఇంకా ఆలస్యంగానూ పడొచ్చు. చలిని బట్టి ప్రాంతాలకు ఇచ్చే హార్డీనెస్ జోన్ నంబరుతో ఈ తేదీ తేలదు. అది చలికాలంలో ఎంత చలి పడుతుందో చెబుతుంది, ఎప్పటిదాకా ఉంటుందో చెప్పదు.

చలికాలానికి ముందే నాటాలంటే లెక్క మారుతుంది. మొదటి ఫ్రాస్ట్ నుంచి కాదు, నేల గడ్డకట్టే రోజు నుంచి 4 నుంచి 6 వారాలు వెనక్కి. ఈలోగా వేళ్లు పట్టేస్తాయి. పైన మందంగా ఎండుగడ్డి పరచండి. లేకపోతే నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతూ నాటిన పాయలను పైకి నెట్టేస్తుంది. పొద్దున్నే అవి మట్టి మీద దొర్లుతుంటే పిట్టలు పీకాయనుకుంటాం. ఒక్కోసారి నిజంగా పిట్టలే పీకుతాయనుకోండి.